‘బాగుందా అమ్మా?’ అని పాప అడిగినప్పుడు

ప్రశ్న: మా పాప ఏడో తరగతి, బాబు ఒకటో తరగతి. ఆదివారం భోజనాలయ్యాక నలుగురం కూర్చుని ఒక సినిమా చూడటం మా ఇంట్లో అలవాటు. చూస్తూ చూస్తూ ఏదో ఒకటి అనడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ‘అబ్బ, ఏం ఓవరాక్షన్’, ‘ఈ అమ్మాయికి నటనే రాదు’, ‘ఎంతసేపు సాగదీస్తాడు’ అంటుంటాను. ఆలోచించి అనే మాటలేం కావు. కానీ ఈమధ్య పాప సినిమా అవగానే నా మొహం చూసి ‘బాగుందా అమ్మా?’ అని అడుగుతోంది. నేనేమంటే అదే తన మాటగా వాళ్ల నాన్నకి చెబుతోంది. తనకి ప్రాణమైన ఒక సినిమాని నేనొకసారి ‘సోది’ అన్నాను. మొన్న ఫ్రెండ్‌తో ఫోన్‌లో ‘అదా, సోది సినిమా’ అంటుంటే విని నాకే బాధేసింది. ‘నువ్వు నోరు మూసుకుని సినిమా చూడలేవా’ అంటారు మా ఆయన. నేను మాట్లాడటం మానెయ్యాలా? ఇంకో సంగతి. ఆ మధ్య అందరం హాలుకెళ్లి ‘మహావతార్ నరసింహ’ చూశాం. బాబు భయపడి నా ఒళ్లో తల దాచుకున్నాడు. రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. ‘దేవుడి సినిమాకి భయమేంట్రా’ అంటారు మా అత్తగారు. ఇలాంటివి వాడికి చూపించొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

సమాధానం: మానొద్దు. సినిమా చూస్తూ మాట్లాడే అమ్మ ఉండటం పిల్లలకి మంచిదే. చాలా ఇళ్లలో ఇవాళ ఒకే గదిలో నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు. మీ ఇంట్లో నలుగురూ ఒకే తెర ముందు కూర్చుంటున్నారు, చూసినదాని గురించి మాట్లాడుకుంటున్నారు. దాన్ని పోగొట్టుకోకండి. పైగా మీరు మౌనంగా కూర్చున్నంత మాత్రాన పాప మీ అభిప్రాయం కోసం చూడటం ఆపదు. మీ మొహంలో వెతుక్కుంటుంది. ఇప్పటికే ఆ పని చేస్తోందని మీరే రాశారు.

మీరు చూసుకోవాల్సిందల్లా ఆ మాట ఎప్పుడు అంటున్నారు, దేన్ని అంటున్నారు అన్నదే.

పన్నెండేళ్ల పిల్లకి ఒక సీన్ తనకి నచ్చిందో లేదో తేలడానికి కాస్త టైమ్ పడుతుంది. తెర మీద ఎవరో తల్లి కొడుకుని పట్టుకుని ఏడుస్తోంది. పాపకి గొంతులో ఏదో అడ్డుపడింది, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ‘అబ్బ, ఏం ఓవరాక్షన్’ అని వినపడింది. ఆ నీళ్లు అక్కడే ఆగిపోతాయి. తను ఏడవబోయిన చోట అమ్మకి నవ్వొచ్చిందంటే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. తర్వాతి ఏడుపు సీన్‌కి ముందు మీ వైపు ఓ చూపు చూసి, ఏడవాలో నవ్వాలో అప్పుడు తేల్చుకుంటుంది. మీకేమో అది గాల్లో వదిలేసిన మాట. ఆ వయసు పిల్లకి అమ్మ మాట అంటే తీర్పు. అందుకని సినిమా నడుస్తున్నంతసేపూ ‘బాగుంది, బాలేదు’ అనే మాటలు పక్కన పెట్టండి. ‘అయ్యో, వాడు తలుపేసుకోవడం మర్చిపోయాడు’, ‘ఆ చీర రంగు ఎంత బాగుందో’, ‘ఇప్పుడు వీడేం చేస్తాడంటావ్?’ లాంటివి ఎన్నయినా అనండి. అవి సినిమా లోపలి మాటలు, పిల్లలు కూడా వాటితో కలుస్తారు.

సినిమా అయ్యాక మీ అభిప్రాయం చెప్పండి. చెప్పేటప్పుడు సినిమా మొత్తాన్నీ ఒక్క మాటతో కొట్టిపారెయ్యకుండా ఒక సీన్ పట్టుకుని చెప్పండి. ఓవరాక్షన్ అనే మాటే తీసుకుందాం. ఇప్పటి సినిమాలు చూసి పెరిగిన పిల్లకి 1951 నాటి ‘పాతాళ భైరవి’ పెడితే నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు గారి చూపులూ, సాగదీసి పలికే మాటలూ చూసి తను కూడా మీ మాటే అనొచ్చు. అక్కడ ‘నిజమే’ అని ఊరుకుంటే సంభాషణ అయిపోయింది. రంగారావు గారు నాటకాలు వేసి వచ్చినవారని, నాటకంలో చివరి వరసలో కూర్చున్నవాళ్లకి కూడా మొహం, మాట అందాలి కాబట్టి నటన అలా ఉండేదని చెప్పి చూడండి. తర్వాత ఆరేళ్లకి ఆయనే వేసిన ‘మాయాబజార్’ ఘటోత్కచుణ్ణి చూపించి, ‘ఆ మాంత్రికుడూ వీడూ ఒక్కరే అంటే నమ్ముతావా?’ అని అడగండి. అప్పుడు పాప నటనని చూడటం మొదలుపెడుతుంది. ఓవరాక్షన్ అనే మాట తనే వాడినా, ఎక్కడ, ఎందుకు అని చెప్పగలుగుతుంది.

పాప ‘బాగుందా అమ్మా?’ అన్నప్పుడు ‘నువ్వే చెప్పు’ అని తిప్పికొట్టకండి. చాలామంది ఇచ్చే సలహా అదే, నాకు మాత్రం నచ్చదు. పిల్లకి అది పరీక్షలా ఉంటుంది, సరైన జవాబేదో అమ్మ దగ్గర దాగి ఉందనుకుంటుంది. నిజం చెప్పండి, కాకపోతే మీలోనే రెండు అభిప్రాయాలున్నాయని తెలిసేలా చెప్పండి. ‘ఫస్టాఫ్‌లో ఆ తాత, మనవడు ఉన్నంతసేపూ నాకు బాగుంది. ఇంటర్వెల్ తర్వాత ఫైట్లు ఎక్కువై బోర్ కొట్టింది. నీకు ఏ సీన్ మళ్లీ చూడాలనిపించింది?’ ఇలా అడిగితే జవాబులో తప్పొప్పులుండవు. ‘ఎవరి మీద కోపమొచ్చింది?’, ‘ఎవరు నీ క్లాసులో ఉంటే బాగుణ్ణనిపించింది?’ అని కూడా అడగొచ్చు. వెంటనే జవాబు రాకపోతే వదిలెయ్యండి. పిల్లల అసలు అభిప్రాయం మర్నాడు జడ వేయించుకుంటున్నప్పుడో, బడి నుంచి వస్తూ బండి మీద వెనక కూర్చున్నప్పుడో బయటపడుతుంది. అప్పుడు వినడానికి మీరు ఖాళీగా ఉంటే చాలు.

ఇక ‘సోది’ అన్న సినిమా. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇదే. పాప ఫ్రెండ్ ముందు తనకి ప్రాణమైనదాన్ని తనే కాదనుకుంది. దీన్ని చూసీ చూడనట్టు వదలొద్దు. ‘ఆ రోజు వంట హడావుడిలో సగం సగం చూసి అనేశాను, నీతో కూర్చుని సరిగ్గా చూడాలనుంది’ అని అడగండి, నిజంగా జరిగింది అదే అయితేనే సుమా. వచ్చే ఆదివారం ఆ సినిమా పెట్టమనండి. రిమోట్ తన చేతిలోనే ఉండనివ్వండి. తనకిష్టమైన చోట ఆపి ‘ఇదిగో అమ్మా, ఇప్పుడు చూడు’ అంటుంది చూడండి, ఆ మొహం చూడటానికే ఆ మూడు గంటలూ ఇవ్వొచ్చు. అయిపోయాక నచ్చినట్టు నటించాల్సిన పనిలేదు, పిల్లలు ఇట్టే పసిగడతారు. ‘పాటలు నాకింకా ఎక్కలేదు. కానీ ఆ అన్నాచెల్లెళ్ల సీన్ నీకెందుకు అంత ఇష్టమో తెలిసింది’ అంటే చాలు. అమ్మకి పూర్తిగా నచ్చని సినిమాని తను ఇష్టపడొచ్చని, దానివల్ల ఇంట్లో ఎవరికీ కోపం రాదని పాపకి తెలియడం ముఖ్యం.

ఇందులో మీవారి పని కూడా ఉంది. ‘నోరు మూసుకో’ అనే బదులు ఆయన కూడా తన అభిప్రాయం చెప్పాలి. మీకు బోర్ కొట్టిన ఫైటు ఆయనకి నచ్చిందనుకోండి, ఎందుకు నచ్చిందో పిల్లల ముందు చెప్పమనండి. ఒకప్పుడు మన ఇళ్లలో రామారావు అభిమానీ నాగేశ్వరరావు అభిమానీ ఒకే కంచంలో తిని, అర్ధరాత్రి దాకా వాదించుకుని, పొద్దున్నే కలిసి కాఫీ తాగేవాళ్లు. అమ్మానాన్నలిద్దరూ ఒక సినిమా మీద విడిపోయి, నవ్వుతూ వాదించుకుంటే పాపకి మూడో అభిప్రాయం పెట్టుకోవడానికి ధైర్యం వస్తుంది. ఇంట్లో ఒక్క గొంతే ఉంటే అదే రైట్ అయిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. తెర మీది ఆడవాళ్ల రూపం గురించి వ్యాఖ్యలు పూర్తిగా ఆపెయ్యండి. ‘ఎంత లావైపోయిందో’, ‘నల్లగా ఉన్నా కళగా ఉంది’, ‘ఆ పళ్లేంటి’ అని మీరు రాయలేదు, కానీ సినిమా చూస్తూ మాట్లాడే ఇళ్లలో ఇవి దొర్లకుండా ఉండటం తక్కువ. ఏడో తరగతి పిల్ల ఆ మాటలన్నీ అద్దం ముందుకి మోసుకెళుతుంది. హీరోయిన్‌కి పడిన మార్కులు తనకి ఎన్ని పడతాయో లెక్కేసుకుంటుంది. ‘నటనే రాదు’ అన్నా ఫరవాలేదు, అది పని గురించిన మాట. ఒంటి గురించిన మాట వద్దు.

అలాగే మాట్లాడి తీరాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. హీరో ఒక అమ్మాయి వెంట రోజూ పడి, ఆమె వద్దన్నా వదలకుండా, చివరికి ఆమే మనసు మార్చుకున్నట్టు చూపించే సినిమాలు మనకి కొత్త కాదు. చెంపదెబ్బని ప్రేమగా చూపించేవీ ఉన్నాయి. నత్తిగా మాట్లాడేవాణ్ణో, పొట్టివాణ్ణో, లావుపాటి మనిషినో నలుగురూ కలిసి ఆటపట్టించడమే కామెడీగా నడిపేవీ ఉన్నాయి. అక్కడ మీరు గమ్మునుంటే ఒప్పుకున్నట్టు లెక్క. అలాగని రిమోట్ నొక్కి సినిమా ఆపి పాఠం చెబితే వాళ్లు మీతో సినిమా చూడటమే మానేస్తారు. ‘ఆ అమ్మాయి వద్దని చెప్పింది కదా, వీడికి వినపడలేదా?’ అన్న ఒక్క మాట చాలు. బాబు కూడా వింటున్నాడు, వాడికి అది పాప కంటే ఎక్కువ అవసరం.

మీ వయసు తల్లిదండ్రులందరికీ మరో మాట. ఈమధ్య పాత సినిమాలు మళ్లీ హాళ్లకొస్తున్నాయి. 2025లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, ‘ఆదిత్య 369’ రెండూ వచ్చాయి. 1990 మే నెలలో తుఫాను వానల్లో జగదేకవీరుడు రిలీజైన కథ మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి సినిమాకి పిల్లల్ని తీసుకెళ్లి, ప్రతి సీన్‌కీ వాళ్ల మొహం చూస్తూ ‘ఎలా ఉంది? సూపర్ కదా?’ అంటుంటే వాళ్లు ‘ఊఁ’ అనక ఏం చేస్తారు? మన చిన్నతనాన్ని మెచ్చుకునే బాధ్యత వాళ్ల మీద పెట్టొద్దు. గ్రాఫిక్స్ బాలేవంటే అననివ్వండి. జగదేకవీరుడులో దేవకన్య ఇంద్రజ ఉంగరం పోగొట్టుకున్న చోట మీకెందుకు గుండె ఝల్లుమనేదో చెప్పండి, అది వాళ్లు ఇష్టంగా వింటారు.

ఇప్పుడు బాబు భయం గురించి. మీ అత్తగారి మాట నాకు అర్థమవుతుంది. తెలుగులో వచ్చిన మొదటి పూర్తి టాకీయే ‘భక్త ప్రహ్లాద’, 1932లో హెచ్.ఎం. రెడ్డి గారు తీశారు. 1967లో ఏవీఎం వాళ్లు తీసిన రంగుల ‘భక్త ప్రహ్లాద’లో రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. తరాల తరబడి మన పిల్లలు ఈ కథ చూస్తూనే ఉన్నారు. 2025లో వచ్చిన ‘మహావతార్ నరసింహ’కి కూడా కుటుంబాలకు కుటుంబాలే కదిలి వెళ్లాయి. కాబట్టి చూపించడం తప్పేం కాదు.

కానీ దేవుడి కథ అయినంత మాత్రాన ఆరేళ్లవాడికి భయం తగ్గదు. వాడి వైపు నుంచి ఆ కథ చూడండి. ఒక పిల్లవాడు, వాడి నాన్న. ఆ నాన్నే ఏనుగుల చేత తొక్కించమంటాడు, పాముల మధ్య పడేయమంటాడు, కొండ మీంచి తోయమంటాడు. అమ్మ ఏడుస్తుంది కానీ ఆపలేకపోతుంది. మీ అత్తగారికి అక్కడ భక్తి కనిపిస్తుంది, పాపకి కథ కనిపిస్తుంది, బాబుకి మాత్రం నాన్న కనిపిస్తాడు. స్తంభంలోంచి వచ్చిన సింహం మొహం, ఆ గోళ్లు, రక్తం సరేసరి, అంత పెద్ద తెర మీద, అంత సౌండ్‌తో. లైటు ఆర్పొద్దని అడగడంలో వింతేమీ లేదు. ‘వాడి మనసులో ఏముందో మీవారిని అడగమనండి’ అని నేను ప్రత్యేకంగా అంటాను. నాన్న పక్కన పడుకుని ‘ఆ నాన్న ఎందుకలా చేశాడంటావ్?’ అంటే, బాబు ఏదో ఒకటి చెబుతాడు. ‘సినిమానే కదా, నిజం కాదు’ అన్న మాట ఆరేళ్లవాడికి పెద్దగా పనిచెయ్యదు, ఒంటరిగా పడుకున్నప్పుడు అసలే పనిచెయ్యదు.

చిన్నపిల్లలకి కథ ముందే చెప్పేస్తే సినిమా పాడవుతుందని అనుకోవద్దు. రాత్రి చెప్పిన కథే మళ్లీ రేపు చెప్పమనే వయసది. ‘చివర్లో సింహం వస్తుంది, చాలా కోపంగా ఉంటుంది, ప్రహ్లాదుడు దగ్గరికెళ్లగానే శాంతిస్తుంది’ అని తెలిసి కూర్చున్నవాడు కళ్లు మూసుకున్నా వేళ్ల సందులోంచి చూస్తాడు. ఈ పని మీ అత్తగారికంటే బాగా ఎవరు చేస్తారు? దేవుడి సినిమా ఏదొచ్చినా ముందు రోజు రాత్రి ఆవిడ చేత కథ చెప్పించండి. హాల్లో మాత్రం చివరి వరసలో, దారి పక్క సీటు తీసుకోండి. వాడు వెళ్లిపోదామంటే ఒకరు బయటికి తీసుకెళ్లండి. ‘ఇంత డబ్బు పోసి టికెట్ కొన్నాం’ అన్న మాట వాడి చెవిన పడనివ్వొద్దు.

సర్టిఫికెట్ కూడా చూసుకోండి. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించాక, పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే పాత యూఏ ఇప్పుడు యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడయింది. అది మీకు ఇచ్చే సూచన మాత్రమే, హాలువాళ్లు గేటు దగ్గర ఆపేది పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ సినిమాకే. కాబట్టి 16+ సినిమాకి ఆరేళ్లవాణ్ణి తీసుకెళ్లాలా అన్నది పూర్తిగా మీ నిర్ణయం. ఓటీటీల్లో కూడా 2021 నుంచి ఇలాంటి గుర్తులే ఉన్నాయి, 13+ నుంచి పైవాటికి లాక్ పెట్టుకునే వీలు వాళ్లు ఇచ్చి తీరాలి. సెట్టింగ్స్‌లో వెతికి పెట్టుకోండి. యానిమేషన్ అనగానే పిల్లలదనుకునే పొరపాటు మన దగ్గర చాలా ఎక్కువ. ‘ఈగ’ని కూడా అలాగే పెట్టేస్తారు. ఈగ చేసే పనులకి బాబు చప్పట్లు కొడతాడు, నిజమే. కానీ అంతకుముందు ఒక కుర్రాణ్ణి చంపడం చూడాలి. నన్నడిగితే పాపతో చూడండి, బాబుకి ఇంకో రెండు మూడేళ్లు ఆగండి.

ఇద్దరికీ కలిపి ఏం పెట్టాలంటే, నా ఓటు మళ్లీ ‘మాయాబజార్’కే. మూడు గంటల సినిమా కాబట్టి రెండు ఆదివారాలకి పంచుకోండి. రెండో సగం కోసం బాబు వారమంతా ఎదురుచూస్తాడు. ‘అహ నా పెళ్లియంట’ పాటలో సుశీల గారి గొంతు పోయి ఘంటసాల గారి గొంతు వచ్చే చోట వాడు నవ్వకుండా ఉండలేడు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని తెలిశాక సావిత్రి గారి చూపూ నడకా ఎలా మారాయో పాపని గమనించమనండి. మా తమ్ముడి కూతురు ఈ సినిమా చూసి ‘పాండవుల కథ కదా, మరి పాండవులేరి?’ అని అడిగింది. సినిమా అంతా వెతికినా ఒక్కరూ కనిపించరు. మీ పిల్లలు తమంతట తామే కనిపెడతారేమో చూడండి.

తర్వాత గుణశేఖర్ గారు 1997లో అందరూ పిల్లలతోనే తీసిన ‘రామాయణం’ ఉంది, జూనియర్ ఎన్టీఆర్ రాముడు. బాబుకి పిల్లల రావణుడంటే భయం వెయ్యదు. ‘ఆదిత్య 369’ పాపకి ఎక్కువ నచ్చుతుంది, టైమ్ మెషీన్‌లో రాయలవారి కాలానికి వెళ్లడం ఏడో తరగతి సోషల్ పుస్తకానికి కూడా కలుస్తుంది. అందులోని చిన్న పిల్లాడు తరుణ్, ప్రహ్లాదుడిగా వేసిన రోజారమణి గారి కొడుకే అని చెప్పండి, మీ అత్తగారు కూడా వచ్చి కూర్చుంటారు. జపాన్ వాళ్ల ‘మై నైబర్ టొటోరో’లో విలన్ అంటూ ఎవరూ లేరు, మాటలు అర్థం కాకపోయినా బాబు చూస్తాడు. అందులో అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది, అది మాత్రం ముందే చెప్పండి. గంగరాజు గారి ‘లిటిల్ సోల్జర్స్’ చాలా మంచి సినిమా. అయితే అందులో పిల్లల అమ్మానాన్నలు ప్రమాదంలో చనిపోతారు, బాబు లైటు ఆర్పి పడుకునే దాకా దాన్ని ఆపండి.

ఏ ఆదివారం ఎవరి సినిమా అన్నది వంతులు వేసుకోండి, బామ్మకి కూడా ఒక వంతు ఇవ్వండి. ఎవరి వంతయితే వాళ్లదే మొదటి మాట, మీది ఆఖరున. పాప ఎంచుకున్నది మీకు ఎక్కకపోయినా మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లకుండా, ఫోన్ తియ్యకుండా చివరిదాకా కూర్చోండి.